తుది లేని ఫైలు

ఎఫ్ఎం స్టేషన్‌కి శ్రోతలు పెరిగినంత మాత్రాన ఖర్చు పెరగదు. టవరు మీంచి తరంగాలు ఎలాగూ పోతుంటాయి. వాటిని పదిమంది అందుకున్నా పది లక్షల మంది అందుకున్నా కరెంటు బిల్లులో పైసా తేడా రాదు. అసలు ఎంతమంది వింటున్నారో కూడా స్టేషన్‌కి తెలియదు, సర్వేలు చేయించుకుని అంచనా కట్టుకోవాల్సిందే. ఇంటర్నెట్ రేడియోది పూర్తిగా ఎదురు లెక్క. వింటున్న ప్రతి మనిషికీ విడిగా ఒక కాపీ పంపాలి. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున ఒక పాటని పదివేల మందికి వినిపించాలంటే, సర్వర్ నుంచి సెకనుకు 1.28 గిగాబిట్లు బయటికి పోవాలి. ఇంకొకరు వచ్చి కూర్చుంటే మరో 128 కిలోబిట్లు. ఎంతమంది వింటున్నారో సర్వర్‌కి ఒక్కరు కూడా పొల్లుపోకుండా తెలుసు, ఎందుకంటే ఆ లెక్కనే బిల్లు వస్తుంది.

బిల్లు వేసేది డేటా కంపెనీ ఒక్కటే కాదు. అమెరికాలో 2002లో ఇంటర్నెట్ రేడియోల మీద ఒక్కో పాటకి, ఒక్కో శ్రోత లెక్కన 0.07 సెంట్ల రాయల్టీ ఖరారు చేశారు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. గంటకు 15 పాటలు, పదివేల మంది శ్రోతలు అనుకుని గుణించి చూడండి: గంటకు 105 డాలర్లు. ప్రకటనలు లేకుండా, వినేవాళ్లు ఇచ్చే చందాల మీద బతికే శాన్‌ఫ్రాన్సిస్కో స్టేషన్ సోమా ఎఫ్ఎం ఆ దెబ్బకి కొంతకాలం మూగబోయింది. ఆ ఏడాది చివర్లో చిన్న స్టేషన్లకి ఊరటనిచ్చే చట్టం వచ్చింది. సోమా ఎఫ్ఎం ఇప్పటికీ నడుస్తోంది. ఈ అధ్యాయం చదువుతూ ఏదో ఒక స్టేషన్ పెట్టుకోవాలనిపిస్తే వాళ్ల గ్రూవ్ సలాడ్ ఛానల్ పెట్టుకోండి, మాటలు తక్కువ, పనికి అడ్డురాదు.

సాంకేతికంగా చూస్తే ఇక్కడ జరిగేది వట్టి డౌన్‌లోడ్. కరెంటు బిల్లు పీడీఎఫ్ దించుకునేటప్పుడు ఏం జరుగుతుందో రేడియో పెట్టినప్పుడూ అదే జరుగుతుంది. మీ కంప్యూటర్ ఒక చిరునామాకి వెళ్లి ఫలానాది కావాలని అడుగుతుంది, అవతలి సర్వర్ ఇవ్వడం మొదలుపెడుతుంది. పీడీఎఫ్ అయితే ఇది ఇన్ని బైట్లు అని ముందే చెప్పి ఇస్తుంది. రేడియో అయితే ఆ సంఖ్య చెప్పదు. చెప్పలేదు కూడా. స్టూడియోలో పాట ఇంకా నడుస్తూనే ఉంది, దాని తర్వాత ఇంకో పాట ఉంది, రేపు ఉంది, ఎల్లుండి ఉంది. ఇక ముందు చెప్పబోయే చిక్కులు, వాటికి మనుషులు పన్నిన ఉపాయాలు దాదాపు అన్నీ ఆ చెప్పని సంఖ్యలోంచి పుట్టినవే.

వీటిని చూడ్డానికి లినక్స్ కంప్యూటర్‌ని ఎంచుకోవడంలో భక్తి ఏమీ లేదు. ఫోన్ యాప్‌లో మీకు కనిపించేది గుండ్రటి బొత్తం ఒకటే. నొక్కితే పాడుతుంది, లేదా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. లినక్స్ మీద అదే పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క దగ్గరైనా ఆగి లోపలికి తొంగిచూడొచ్చు.

తొంగిచూసే ముందు కాస్త చరిత్ర. ప్రతివాడికీ ఒక కాపీ పంపడం వృథా అని మొదట్లోనే గుర్తించారు. 1993లో కార్ల్ మలముద్ అనే అమెరికన్ ఇంటర్నెట్ టాక్ రేడియో పేరుతో సాంకేతిక నిపుణులతో ముఖాముఖీలు వినిపించినప్పుడు, ఎంబోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్క్‌ని కూడా వాడుకున్నాడు. అందులో స్టేషన్ ఒకే కాపీ పంపుతుంది. దారులు చీలిన చోట రూటర్లే కాపీలు తీసి అటొకటి ఇటొకటి పంపుతాయి. తెలివైన పద్ధతి. కానీ దారిలో ఉన్న ప్రతి రూటరూ, దాన్ని నడిపే ప్రతి కంపెనీ ఒప్పుకుంటేనే సాగే పద్ధతి. మామూలు ఇంటర్నెట్ మీద అది పాకలేదు. 1994 నవంబర్ 7న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూఎక్స్‌వైసీ తన ఎఫ్ఎం కార్యక్రమాన్ని నెట్‌లోకి మళ్లించింది. మరుసటి ఏడు రియల్ ఆడియో వచ్చింది. 1998 చివరికి విన్యాంప్ తయారుచేసిన నల్‌సాఫ్ట్ కుర్రాళ్లు షౌట్‌కాస్ట్ అనే సర్వర్ విడుదల చేశారు. ఇంట్లో కంప్యూటరూ, పాటల సేకరణా ఉన్న ఎవడైనా స్టేషన్ పెట్టుకోవచ్చన్నమాట. దాని మూలపాఠం (సోర్స్ కోడ్) వాళ్ల చేతుల్లోనే ఉండడంతో, కొద్ది వారాల్లోనే ఐస్‌కాస్ట్ అనే ఉచిత, బహిరంగ సర్వర్ మొదలైంది. లినక్స్ లోకం దాన్నే పట్టుకుంది. ఈనాటికీ చిన్న స్టేషన్లు ఎన్నో దాని మీదే నడుస్తున్నాయి.

స్టేషన్ పేజీలో వినండి అన్న లింకు నొక్కితే ఒక్కోసారి పాట రాదు, ఒక చిన్న ఫైలు దిగుతుంది. రెండు మూడు వందల బైట్లు, అంతే. కొత్తవాళ్లు చాలామంది అదే పాట అనుకుని, డౌన్‌లోడ్ సరిగా కాలేదని మళ్లీ మళ్లీ నొక్కుతారు. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. పీఎల్ఎస్ రకం ఫైలైతే మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య ప్లేలిస్ట్ అని ఉంటుంది. కింద ఫైల్1 అన్నదానికి ఎదురుగా అసలు స్ట్రీమ్ చిరునామా, టైటిల్1కి ఎదురుగా స్టేషన్ పేరు. ఇంకో వరుసలో లెంగ్త్1 అని రాసి, దానికి ఎదురుగా మైనస్ ఒకటి. మామూలు పాటల జాబితాలో అక్కడ ఆ పాట ఎన్ని సెకన్లో ఉంటుంది. మైనస్ ఒక సెకను పాటంటూ ఏదీ ఉండదు కాబట్టి, దీనికి నిడివి లేదు, ఆపమన్నదాకా లాగుతూ ఉండు అని ప్లేయర్‌కి చెప్పడానికి ఆ అంకె పెట్టారు. ఎం3యూ రకం ఫైళ్లలో కూడా ఇదే మైనస్ ఒకటి కనిపిస్తుంది.

ఆ చిరునామాని కాపీ చేసుకుని, టెర్మినల్ తెరిచి, ఎంపీవీ అనే ప్లేయర్ పేరు కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిరునామా అతికించి ఎంటర్ నొక్కితే పాట మొదలవుతుంది. లినక్స్‌లో రేడియో వినడం అంటే ఇంతే. మిగతా సరంజామా అంతా ఈ పనికి తొడుగు.

ఎంపీవీ బదులు కర్ల్ అనే సాధనంతో, సర్వర్ హెడర్లు కూడా చూపమని చెప్పి, అదే చిరునామా అడిగితే పాట వినపడదు గానీ, సర్వర్ చెప్పే మాటలు కనపడతాయి. ఇది ఎంపీ3, బిట్‌రేట్ 128, స్టేషన్ పేరు ఇది, రకం ఇది అని నాలుగైదు వరుసలు. ఆ వెంట కుప్పలు తెప్పలుగా బైట్లు. ఆ బైట్లని ఫైల్లోకి మళ్లించి ఒక నిమిషం ఆగి కంట్రోల్-సీ కొడితే చేతిలో పది లక్షల బైట్ల ముక్క ఉంటుంది, ఎందుకంటే 128 కిలోబిట్లంటే సెకనుకు 16,000 బైట్లు, గంటకు 57.6 మెగాబైట్లు. సీడీలో ఉండే ధ్వని సెకనుకు 14,11,200 బిట్లు. అంటే పదకొండో వంతుకి కుదించారన్నమాట. ఆ ముక్కని వీఎల్‌సీలో పెట్టండి, శుభ్రంగా పాడుతుంది. మధ్యలో మొదలై మధ్యలో తెగిన ముక్క, మొదలూ చివరా లేని ముక్క, ఎలా పాడింది?

ఎంపీ3ని కనిపెట్టిన జర్మన్లు దాన్ని చిన్న చిన్న పలకలుగా కట్టారు. సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) ఉన్న 128 కిలోబిట్ల పాటలో ఒక్కో పలక 417 లేదా 418 బైట్లు. దాన్లో 1,152 శాంపిళ్ల ధ్వని ఉంటుంది, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల పాట. ప్రతి పలక నెత్తిన తన బిట్‌రేట్ ఎంతో, శాంప్లింగ్ ఎంతో రాసుకుని ఉంటుంది. ఆ రాతకి ముందు గుర్తుగా వరసగా 11 ఒకట్లు. మీరు అర్ధరాత్రి పాట మధ్యలో వచ్చి చేరినా, ప్లేయర్ చేతికందిన బైట్లలో 11 ఒకట్లు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతుంది. దొరికిన చోటు నుంచి పాడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పాట బైట్లలో కూడా యాదృచ్ఛికంగా వరసగా 11 ఒకట్లు పడొచ్చు. లెక్క ప్రకారం సుమారు 2,048 చోట్లకి ఒకసారి అలా పడుతుంది, అంటే సెకను పాటలో ఏడెనిమిది దొంగ గుర్తులు. అందుకని మంచి డీకోడర్, అంటే బైట్లని ధ్వనిగా మార్చే భాగం, గుర్తు కనపడగానే నమ్మదు. అక్కడున్న రాతని చదివి, ఇది నిజమైన పలకే అయితే తర్వాతి గుర్తు 417 బైట్ల తర్వాత ఉండాలి కదా అని లెక్క వేసి, అక్కడికి వెళ్లి చూస్తుంది. ఉంటేనే నోరు తెరుస్తుంది. పైగా ఎంపీ3 పలకలు పొదుపు కోసం వెనకటి పలకలో మిగిలిన జాగాని వాడుకుంటాయి. దాంతో చేరిన వెంటనే దొరికిన మొదటి ఒకటి రెండు పలకలు పాడడానికి పనికిరావు, వాటికి కావాల్సిన సరుకు మనం రాకముందే వెళ్లిపోయింది. రేడియో పెట్టగానే పావు సెకనులో వచ్చే చిన్న తడబాటు వెనక ఇంత కథ ఉంటుంది.

పాట పేరు తెరమీద ఎలా కనపడుతుందన్నది ఇంకో ముచ్చట. ఎంపీ3 ఫైల్లో పాట పేరు మొదట్లోనో చివర్లోనో అతికించి ఉంటుంది. మన ఫైలుకి అవి రెండూ లేవు. నల్‌సాఫ్ట్ వాళ్లు దీనికి మోటు ఉపాయమే వేశారు. ప్లేయర్ అడిగేటప్పుడు నాకు పేర్లు కూడా కావాలి అంటుంది. సర్వర్ సరే, ప్రతి 16,000 బైట్లకి ఒకసారి చెప్తాను అంటుంది. ఐస్‌కాస్ట్‌లో మామూలుగా ఉండే సంఖ్య అదే, మన 128 కిలోబిట్ల స్ట్రీమ్‌లో సరిగ్గా ఒక సెకను. ఇక 16,000 పాట బైట్లు వచ్చాక ఒక్క బైటు పాటది కాదు. అందులోని అంకెని 16తో గుణిస్తే, తర్వాత ఎన్ని బైట్లు పేరువో తెలుస్తుంది. పాట మారలేదనుకోండి, అక్కడ సున్నా ఉంటుంది. ఈ అదనపు బైట్లని పీకి పక్కన పెట్టి, మిగతాది డీకోడర్‌కి ఇవ్వాలి. ఆ పని మర్చిపోయి రాసిన ప్లేయర్‌లో సెకనుకోసారి పాట మధ్యలో చిటుక్కుమంటుంది.

పేరుని ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పంపుతారు. ఇంగ్లీషు పాటల పేర్లలో అదే గుర్తు అపాస్ట్రఫీగా ఎడాపెడా వస్తుంది కదా, అప్పుడేం చేయాలో పద్ధతిలో ఎక్కడా లేదు. తొందరపడి రాసిన ప్లేయర్లలో పేరు సగంలో తెగుతుంది. మన బాధ ఇంకో రకం. పంపే అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఇప్పుడు మనం వాడే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర చిహ్నం మూడు బైట్లు తీసుకుంటుంది. పాత ప్లేయర్ వాటిని పశ్చిమ యూరప్ లిపి అనుకుని చదివితే, పాట పేరు బదులు నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ అంటూ వరస కడుతుంది. ఈ రెండే ఎందుకు పదే పదే వస్తాయంటే, తెలుగు చిహ్నాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటుకి రెండే రెండు రూపాలు. మీ ప్లేయర్ కిటికీలో ఎప్పుడైనా ఆ గీతల ఏల బారు, వాటి పక్కనే డిగ్రీ గుర్తులు కనపడితే అక్కడ పాడుతున్నది తెలుగు పాట అని దాదాపు నిశ్చయంగా చెప్పొచ్చు.

లినక్స్‌లో రేడియో వినడం ఒకప్పుడు ఇంత సులువుగా లేదు. తప్పు సర్వర్‌దీ కాదు, నెట్‌దీ కాదు, పేటెంట్లది. ఎంపీ3 మీద జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థకీ, మరికొందరికీ హక్కులుండేవి. డబ్బు కట్టకుండా డీకోడర్ పంచిపెడితే కోర్టుకెక్కుతారేమోనని 2002లో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 8.0 నుంచి ఎంపీ3 పాడే సదుపాయాన్నే తీసేశారు. కొత్తగా లినక్స్ వేసుకున్నవాడు రేడియో చిరునామా ఇస్తే, ఈ రకం నాకు రాదు అని ఒక డబ్బా వచ్చేది. ఎక్కడెక్కడో వెతికి విడిగా ప్యాకేజీ తెచ్చి వేసుకోవాలి. ఆ చిరాకులోంచే ఆగ్ వోర్బిస్ బలపడింది. ఎవరికీ పైసా కట్టక్కర్లేని ఆ పద్ధతి 1.0 రూపం అదే 2002 జులైలో వచ్చింది. నాణ్యతలో ఎంపీ3కి తీసిపోలేదు, చాలా బిట్‌రేట్ల దగ్గర మెరుగు కూడా. అయినా జనం దగ్గర అప్పటికే గుట్టలుగా ఎంపీ3లు ఉన్నాయి. ఫ్రాన్‌హోఫర్ 2017 ఏప్రిల్‌లో తన లైసెన్సు కార్యక్రమాన్ని మూసేసింది. ఇప్పుడు ఏ లినక్స్ వేసుకున్నా ఎంపీ3 పాడించడానికి చట్టం అడ్డు లేదు. వోర్బిస్ తర్వాత వచ్చిన ఓపస్, 2012 నాటిది, తక్కువ బిట్లలో ఎక్కువ పాడుతుంది. మొబైల్ డేటా మీద వినేవాళ్లకి అదే మేలు. స్టేషన్ ఇస్తే తీసుకోండి.

డీకోడ్ అయిన ధ్వని స్పీకర్‌ దాకా చేరడం వేరే ప్రయాణం. దాన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే ఇప్పుడది బాగానే పనిచేస్తోంది. మొదట్లో ఓఎస్ఎస్ అనే ధ్వని వ్యవస్థ ఉండేది, దాని కింద చాలా సౌండ్ కార్డుల మీద ఒక ప్రోగ్రామ్ పాడుతుంటే ఇంకోటి నోరెత్తడానికి లేదు. తర్వాత దాని స్థానంలో ఆల్సా కెర్నెల్‌లోకి వచ్చింది. 2007లో ఫెడోరా లినక్స్, మరుసటి ఏడు ఉబుంటు లినక్స్ పల్స్ఆడియోని తెచ్చిపెట్టాయి. ఆలోచన మంచిదే గానీ అప్పటికి డ్రైవర్లు దానికి సిద్ధంగా లేవు, ఒకటి రెండేళ్లు ఫోరమ్‌లన్నీ తిట్లతో నిండిపోయాయి. 2021లో ఫెడోరా 34తో పైప్‌వైర్ దాని స్థానంలోకి వచ్చింది. ఈసారి చాలామందికి మారినట్టే తెలియలేదు. రేడియో పాడుతుండగా టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ అని కొట్టి చూడండి. మీ ప్లేయర్ 44,100 దగ్గరా, సౌండ్ కార్డు బహుశా 48,000 దగ్గరా నడుస్తున్నట్టు కనపడుతుంది. రెంటికీ పొంతన కుదిర్చే పని మధ్యలో నిశ్శబ్దంగా సాగుతోందన్నమాట.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. రేడియో పెట్టి పగలూ రాత్రీ ఆపకుండా వదిలేస్తే, నెట్ బాగానే ఉన్నా ఎప్పుడో ఒకసారి పాట తెగి మళ్లీ అందుకుంటుంది. నెట్ కంపెనీని తిట్టుకుంటాం. చాలాసార్లు కారణం నెట్టే. కానీ నెట్‌లో ఒక్క ప్యాకెట్ కూడా పోకపోయినా, ఒక్క మిల్లీసెకను ఆలస్యం కాకపోయినా ఇది జరిగి తీరాలి.

ప్లేయర్లన్నీ వచ్చిన బైట్లని వచ్చినట్టు పాడేయకుండా కొంత నిల్వ పెట్టుకుంటాయి. దాన్నే బఫర్ అంటాం. మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడు జోరుగా వస్తాయో ఎప్పుడు సన్నగా వస్తాయో తెలియదు గనక డాబా మీద ట్యాంకు కట్టుకుంటాం, ఇంట్లో కుళాయి మాత్రం ఎప్పుడూ ఒకే ధారగా వస్తుంది. ఇదీ అంతే. ఐస్‌కాస్ట్ సర్వర్ మీరు చేరగానే ట్యాంకు త్వరగా నిండాలని దాదాపు 64 కిలోబైట్లు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అది అప్పటికే ప్రసారమైపోయిన పాటే, సర్వర్ తన దగ్గర అట్టేపెట్టుకున్నది. 128 కిలోబిట్ల దగ్గర అది సుమారు 4 సెకన్ల నిల్వ. ఆ తర్వాత నుంచి పాట ఎంత వేగంతో తయారవుతోందో అంతే వేగంతో వస్తుంది, అంతకన్నా ఒక్క బైటు ఎక్కువ రాదు. ట్యాంకు మళ్లీ నిండే ఆశ లేదు.

స్టూడియోలో సెకనుకు 44,100 శాంపిళ్లు కొలిచేది అక్కడి సౌండ్ కార్డులోని క్వార్ట్జ్ స్ఫటికం. మీ ఇంట్లో సెకనుకు 44,100 వినిపించేది మీ కార్డులోని స్ఫటికం. రెండూ తమది సెకనే అనుకుంటాయి. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒక్కలా కంపించవు. మామూలు కంప్యూటర్లలో వాడే వాటి మధ్య పది లక్షలకి 50 పాళ్ల తేడా అసాధారణం కాదు. పది లక్షలకి 50 అంటే గంటకు 0.18 సెకను, రోజుకు 4.3 సెకన్లు. మీ స్ఫటికం వడి ఎక్కువైతే మీ కుళాయి వచ్చే నీటికన్నా వెంట్రుకవాసి ఎక్కువ తోడుతోందన్నమాట. 4 సెకన్ల ట్యాంకు ఇరవై రెండు ఇరవై మూడు గంటల్లో అడుగంటుతుంది. పాట తెగుతుంది, ప్లేయర్ కాస్త ఆగి మళ్లీ నిల్వ చేసుకుని అందుకుంటుంది.

మీ స్ఫటికం నెమ్మదైతే ఇంకో తమాషా. బైట్లు మిగిలిపోతూ ఉంటాయి. ప్లేయర్ బఫర్ పెద్దదైతే మీరు రోజురోజుకీ నాలుగేసి సెకన్లు వెనకబడతారు, చెవికి తెలియదు. బఫర్ చిన్నదైతే మీ కంప్యూటర్ ఇక చాలు అంటుంది, ఆ బైట్లు సర్వర్ దగ్గర పేరుకుంటాయి. ఐస్‌కాస్ట్ ఒక్కో శ్రోత కోసం మామూలుగా 512 కిలోబైట్ల వరకే ఓర్చుకుంటుంది, అంటే 32 సెకన్ల పాట. అది దాటాక, ఈ శ్రోత బాగా వెనకబడ్డాడని తీర్మానించి లంకె తెంపేస్తుంది. వారం పాటు ఆపకుండా పాడిన రేడియో ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోవడానికి ఇదొక కారణం. పాత ఎఫ్ఎం సెట్‌కి ఈ గొడవ లేదు. ధ్వనిని కొలిచే గడియారం దానిలో అసలు లేదు. టవరు ఏ క్షణాన ఏది పంపితే ఆ క్షణాన అదే పలుకుతుంది.

ఆకాశవాణి దగ్గరకొచ్చేసరికి కథ కొంచెం మారుతుంది. న్యూస్ ఆన్ ఎయిర్ అనే తన యాప్ ద్వారా ఆకాశవాణి రెండు వందలకు పైగా స్టేషన్లని నెట్‌లో వినిపిస్తోంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అందులో ఉన్నాయి. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం షార్ట్‌వేవ్ ముల్లుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పిన తరానికి, డాలస్‌లో కూచుని విజయవాడ స్టేషన్ గరగరలు లేకుండా వినడం ఎంత వింతో ఊహించుకోవచ్చు. ఇలాంటి పెద్ద ప్రసారాలు ఎక్కువగా హెచ్ఎల్ఎస్ పద్ధతి వాడతాయి. ఆపిల్ 2009లో తెచ్చిన పద్ధతి ఇది. తుది లేని ఫైలుతో తలనొప్పి ఎందుకని వాళ్లు దాన్ని ఆరేసి, పదేసి సెకన్ల ముక్కలుగా కోసేశారు. ప్రతి ముక్కకీ మొదలుంది, చివరుంది, నిడివి ఉంది. మామూలు వెబ్ సర్వర్ నుంచి మామూలు ఫైల్లా దించుకోవచ్చు. ఒకే ముక్కని వేలమంది అడుగుతారు కాబట్టి ఊరూరా ఉన్న కాపీ సర్వర్లలో దాచిపెట్టుకోవచ్చు. మొదట్లో చెప్పిన కాపీల ఖర్చుకి దొరికిన ఆచరణీయమైన విరుగుడు ఇదే.

తుది లేనితనం మాత్రం ఎక్కడికీ పోలేదు, జాబితాలోకి మారింది. ఎం3యూ8 అనే ఆ జాబితాని తెరిస్తే చివరి నాలుగైదు ముక్కల పేర్లు ఉంటాయి. కొన్ని సెకన్లాగి మళ్లీ తెరిస్తే పైది పోయి కింద కొత్తది చేరి ఉంటుంది. రికార్డైపోయిన కార్యక్రమం జాబితాలో చివర ఇక అయిపోయింది అని ఒక వరుస రాస్తారు. ప్రత్యక్ష ప్రసారం జాబితాలో ఆ వరుస ఉండదు, కాబట్టి ప్లేయర్ జాబితాని తెరుస్తూనే ఉంటుంది. పదిహేనేళ్ల కిందటి ప్లేయర్లు ఈ జాబితాని మామూలు పాటల జాబితా అనుకుని, ఉన్న నాలుగు ముక్కలూ పాడి గమ్మున ఊరుకునేవి. ఎంపీవీకీ వీఎల్‌సీకీ ఇది తెలుసు.

దీనికి చెల్లించే మూల్యం ఆలస్యం. ముక్క పూర్తిగా తయారైతే గాని జాబితాకెక్కదు. పైగా చివరి ముక్కని పట్టుకుంటే అంచున వేలాడినట్టవుతుందని, కనీసం మూడు ముక్కల నిడివి వెనకనుంచి మొదలుపెట్టమని ప్లేయర్లకి నియమం. అన్నీ కలిపి ఇరవై ముప్పై సెకన్లు. వార్తలకు ముందు వచ్చే టైము బీప్‌లు విని గడియారం సరిచేసుకుంటే మీ గడియారం అర నిమిషం వెనక నడుస్తుంది. క్రికెట్ కామెంటరీ అయితే పక్కింటి ట్రాన్సిస్టర్ ముందు కేకేస్తుంది, మీ కంప్యూటర్‌లో బౌలర్ అప్పుడే పరుగు మొదలెడతాడు.

ఏ ప్లేయర్ వాడాలని అడిగితే, స్టేషన్లు వెతుక్కోవడానికి షార్ట్‌వేవ్ అనే ప్రోగ్రామ్ బాగుంటుంది. రేడియో బ్రౌజర్ అని జనం కలిసి నింపే స్టేషన్ల పట్టిక ఒకటుంది, అది దాన్లోంచి తీసి చూపిస్తుంది. తెలుగు అని వెతికితే జాబితా వస్తుంది, అందులో కొన్ని చిరునామాలు చచ్చిపోయి ఉంటాయి. రిథమ్‌బాక్స్ మీ పాటల సేకరణతో పాటు రేడియో కూడా కావాలనుకునేవాళ్లకి. బ్రౌజర్ ట్యాబ్‌లో వినడం అందరికీ అలవాటే గానీ, పాత ల్యాప్‌టాప్‌లో అది తినే మెమరీకి ఎంపీవీ తినే దానికి పోలికే లేదు. రోజూ వినే స్టేషన్లు తేలాక వాటి చిరునామాలు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుని ఎంపీవీకి ఇచ్చేయడమే నా సలహా.

అప్పుడు ఎదురయ్యేది ఆఖరి చిక్కు. నిడివి చెప్పి ఇచ్చిన పీడీఎఫ్ సగంలో తెగితే కంప్యూటర్‌కి తెలుస్తుంది, రావాల్సిన బైట్లు ఇంకా ఉన్నాయి కదా. నిడివి చెప్పని రేడియో తెగితే? లంకె తెగిపోవడం తప్ప ఫైలు అయిపోయిందని చెప్పే దారి పాత పద్ధతిలో వేరే లేదు. అంచేత రూటర్ ఒక క్షణం ఆగి లేచిందంటే, ప్లేయర్ పాపం పాట సుఖంగా ముగిసిందనుకుని, ఏ ఎర్రరూ చూపకుండా, మర్యాదగా నిష్క్రమిస్తుంది. దీనికి షెల్‌లో మూడు వరుసల స్క్రిప్టు చాలు: ఎంపీవీని నడుపు, అది ఆగితే ఐదు సెకన్లు ఊరుకో, మళ్లీ మొదటికి పో. ఆ ఐదు సెకన్లు అనవసరమని తీసేయకండి. స్టేషన్ సర్వరే పడిపోయిన రాత్రి అలాంటి స్క్రిప్టులు వెయ్యి ఉంటే, క్షణం తీరిక లేకుండా అన్నీ తలుపు బాదుతూ లేవబోయేదాన్ని లేవనివ్వవు.

ఎంపీవీ లోపల డేటా లాగే పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది. మళ్లీ కలుపుకునే సదుపాయం దానిలోనే ఉంది, మనం ఆన్ చేసుకోవాలి. అది ఇంకొంచెం పెద్దమనిషి తరహాగా ప్రవర్తిస్తుంది. తెగిన వెంటనే ఒకసారి ప్రయత్నిస్తుంది. కాకపోతే 1 సెకను ఆగి, తర్వాత 3, 7, 15, 31, 63, ప్రతిసారీ వెనకటి దానికి రెట్టింపు మీద ఒకటి కలిపి. ఆ తర్వాత రావాల్సిన అంకె 127, మార్చకుండా వదిలేస్తే దానికి పెట్టిన హద్దు 120. అక్కడితో ఇక ప్రయత్నం మానేస్తుంది.